ఆల్బుమిన్, వే, కొల్లాజెన్: మూడూ ప్రోటీన్లే, కానీ ఒకదాని పని ఇంకొకటి చేయదు

అమ్మా, మీరు మూడు సంగతులు కలిపి అడిగారు. నాన్నగారి రక్తపరీక్షలో ఆల్బుమిన్ 2.6 అని వచ్చింది, చీలమండల దగ్గర వాపు ఉంది, ఎవరో "ప్రోటీన్ తగ్గింది" అనేసరికి డబ్బా పొడి తెచ్చి పాలలో కలిపి ఇస్తున్నారు. తమ్ముడు జిమ్‌కు వెళ్తూ పాల తేట నుంచి తీసే వే పొడి తాగుతున్నాడు. అత్తగారు మోకాళ్ల నొప్పులకని కొల్లాజెన్ పొడి మొదలుపెట్టారు. ఈ మూడూ ఒకటేనా, ఒంట్లో అసలు ఎన్ని రకాల ప్రోటీన్లున్నాయి, ఏది ఏం చేస్తుంది అన్నది మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాను. 31 ఏళ్లు ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. రోజూ నా చేతుల మీదుగా వెళ్లిన రక్తం గొట్టాల్లో మేం కొలిచింది చాలావరకు ప్రోటీన్లనే. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు నాన్నగారి విషయం. మిగతా రెండూ ఆగుతాయి, ఇది ఆగేది కాదు.

ఆల్బుమిన్ మనం తినే పదార్థం కాదు. దాన్ని లివర్ తయారు చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో రోజుకు 10 నుంచి 15 గ్రాములు చేసి రక్తంలోకి వదులుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తరసంలో 3.5 నుంచి 5 గ్రాములు ఉండాలి. దాని మొదటి పని నీళ్లను రక్తనాళాల్లోనే పట్టి ఉంచడం. సన్న రక్తనాళాల గోడలు జల్లెడలాంటివి. గుండె తోసే ఒత్తిడికి నీరు బయటికి ఊరుతూనే ఉంటుంది. ఆల్బుమిన్ అణువు పెద్దది, జల్లెడ దాటి సులువుగా పోలేదు. లోపల ఉండి నీళ్లను తనవైపు లాక్కుంటుంది. అది తగ్గిందంటే ఊరిన నీళ్లు కాళ్ల దగ్గరో, పొట్టలోనో నిలుస్తాయి. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండే వాపు అదే. రెండో పని మోత. కామెర్లలో ఒంటిని పసుపు చేసే బిలిరుబిన్, కొవ్వు ఆమ్లాలు, కాల్షియంలో సగానికి కాస్త తక్కువ భాగం, మనం మింగే మందుల్లో చాలా రకాలు దాన్ని అంటిపెట్టుకునే ప్రయాణిస్తాయి. అందుకే ఆల్బుమిన్ తగ్గినవాళ్ల రిపోర్టులో కాల్షియం కూడా తక్కువగా కనిపిస్తుంది. ఆల్బుమిన్ 4 కంటే ఎంత తగ్గిందో చూసి, తగ్గిన ప్రతి గ్రాముకూ 0.8 మిల్లీగ్రాములు కలిపి కాల్షియం లెక్కగట్టడం మాకు ల్యాబులో అలవాటు. నాన్నగారి రిపోర్టులో కాల్షియం కూడా తక్కువ ఉందని రాశారు కదా, అందులో కొంత భాగం ఇదే కావచ్చు.

మరి 2.6కు ఎందుకు పడిపోయింది? లివర్ చేయలేకపోతూ ఉండవచ్చు. లివర్ చేసినదాన్ని కిడ్నీలు మూత్రంలోకి వదిలేస్తూ ఉండవచ్చు. లేదా ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షనో, చాలాకాలంగా నానుతున్న జబ్బో ఉంటే, లివర్ ఆల్బుమిన్ తయారీ తగ్గించి ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే సీఆర్‌పీలాంటి వేరే ప్రోటీన్ల తయారీకి దిగుతుంది. తిండి చాలకపోవడం వీటన్నిటి తర్వాత వస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారు మూడు పూటలా తింటున్నారు. అలాంటి మనిషికి 2.6 వచ్చిందంటే వంటింట్లో కారణం వెతకడం సరైన వరుస కాదు. పొడి ఇచ్చి పది రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయించినా అంకె పెద్దగా కదలదు. ఒకసారి తయారైన ఆల్బుమిన్‌లో సగం అరిగిపోవడానికే దాదాపు 20 రోజులు పడుతుంది. అది అంత నిదానంగా మారే సరుకు.

కాబట్టి మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష అడగండి. క్రియాటినిన్ అంటే కండరాల్లో పుట్టే వ్యర్థం, కిడ్నీలు దాన్ని మూత్రంలోకి పంపేస్తాయి. నాన్నగారి మూత్రంలో నురగ వచ్చి చాలాసేపటిదాకా పోకుండా ఉంటోందేమో కూడా చూసుకోమనండి. మీది సోంపేట దగ్గర ఊరు అన్నారు కనుక ఇంకో మాట. ఉద్దానం ప్రాంతంలో కనిపించే కిడ్నీ జబ్బులో మూత్రంలోకి ప్రోటీన్ కారడం చాలామందిలో తక్కువే ఉంటుంది. మూత్రంలో ప్రోటీన్ లేదన్నంత మాత్రాన కిడ్నీ బాగుందని అనుకోకండి, రక్తంలో క్రియాటినిన్ తప్పకుండా చూడాలి. లివర్ వైపు చూడాలంటే బిలిరుబిన్, ఎస్‌జీపీటీలతో పాటు ప్రోత్రాంబిన్ టైమ్ అనే పరీక్ష ఉంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లను కూడా లివరే చేస్తుంది. వాటిలో కొన్ని కొన్ని గంటల్లోనే సగానికి అరిగిపోతాయి. అందుకని లివర్ శక్తి తగ్గితే ఆల్బుమిన్ కంటే ముందు ఆ పరీక్షలో తెలుస్తుంది. ఆ పొడిని మాత్రం డాక్టరుకు చూపించేదాకా ఆపండి. కిడ్నీ దెబ్బతిని ఉంటే ఎంత ప్రోటీన్ తినాలో లెక్క వేరు, అది ఆయనే చెప్పాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను.

మన పాఠ్యపుస్తకాల్లో ప్రోటీన్లను మాంసకృత్తులు అన్నారు, అంటే మాంసాన్ని చేసేవని. చక్కని మాటే, కానీ ఆ మాట వల్లే ప్రోటీన్ అనగానే అందరికీ కండలు గుర్తుకొస్తాయి. కండ చేయడం ప్రోటీన్ల పనుల్లో ఒకటి మాత్రమే. మన జన్యువుల్లో ప్రోటీన్ల తయారీకి సూచనలున్నవే 20 వేల దాకా ఉన్నాయి. ఒక్కో కణం తన పనికి కావలసినవాటినే చేసుకుంటుంది. అన్నిటికీ ముడిసరుకు ఒకటే, 20 రకాల అమైనో ఆమ్లాలు. వాటిని పూసల్లాగా ఏ వరుసలో గుచ్చాలో జన్యువు చెబుతుంది. గుచ్చిన దండ ఊరికే వేలాడదు, ముడతలు పడి తనదైన ఒక ఆకారంలోకి చుట్టుకుంటుంది. ఆ ఆకారమే పని చేస్తుంది. వరుసలో తేడా వస్తే ఆకారం మారుతుంది, ఆకారం మారితే పని పోతుంది.

ఆకారం పోవడాన్ని మీరు వంటింట్లో చూస్తూనే ఉంటారు. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే గట్టిపడుతుంది, ఎంత చల్లార్చినా మళ్లీ నీరవదు. గేదె ఈనిన తొలి రోజుల పాలు పొయ్యి మీద పెడితే జున్నుగా గడ్డకడతాయి, అదే గేదె పాలు కొన్ని రోజులు పోయాక ఎంత కాచినా అలా కావు. ఎందుకంటే ముర్రుపాలలో వేడికి విప్పుకుని ఒకదానికొకటి చిక్కుకునే ప్రోటీన్లు మామూలు పాలకంటే చాలా ఎక్కువ. వాటిలో పెద్ద వాటా యాంటీబాడీలది. దూడ పుట్టినప్పుడు దాని రక్తంలో యాంటీబాడీలు దాదాపు ఉండవు, తల్లి ముర్రుపాలలోనే అందుతాయి. అందుకని మన వంతు జున్ను కంటే ముందు దూడ కడుపు నిండాలి. మనుషుల్లో అవి చాలావరకు మాయ ద్వారా కడుపులో ఉండగానే బిడ్డకు చేరతాయి. తల్లి తొలిపాలలో వచ్చేవి ఇంకో రకం, బిడ్డ పేగుల లోపలి పొరను కాచేవి. ఆ పసుపు పాలు మంచివి కావని పిండి పారబోయించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి మీ చుట్టుపక్కల ఎవరైనా అలా చేస్తుంటే ఆపండి.

యాంటీబాడీ ప్రోటీన్ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే రిపోర్టులో "గ్లోబులిన్" అని రాసే అంకెలో పెద్ద భాగం అవే. మొత్తం ప్రోటీన్ 6 నుంచి 8 మధ్య ఉండాలి, అందులోంచి ఆల్బుమిన్ తీసేస్తే మిగిలేది గ్లోబులిన్. చాలామంది మొత్తం అంకె ఎక్కువుంటే సంతోషిస్తారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నడుంనొప్పితో వచ్చిన ఒక పెద్దాయన రక్తంలో మొత్తం ప్రోటీన్ 10 దాటింది. "ఒంట్లో బలం బాగా ఉందన్నమాట" అని ఆయన కొడుకు నాతో అన్నాడు. ఆల్బుమిన్ 3 కూడా లేదు, మిగిలిందంతా గ్లోబులిన్. ఆ రక్తరసాన్ని కరెంటులో పరిగెత్తించి ప్రోటీన్లను విడదీసే పరీక్ష చేస్తే, పరుచుకుని ఉండాల్సిన చోట ఒకే ఒక్క చిక్కటి గీత కనిపించింది. యాంటీబాడీలు చేసే కణాల్లో ఒకటి అదుపు తప్పి, ఒకే రకం యాంటీబాడీని కుప్పలుగా పోస్తోంది. మల్టిపుల్ మైలోమా అనే కేన్సర్ అది, ఎముకలను తినేస్తుంది. ఆ రోజు నుంచి మొత్తం ప్రోటీన్ అంకె ఒక్కటే చూసి నేను ఎవరికీ బాగుందని చెప్పలేదు. ఏ ప్రోటీన్ ఎంత ఉందన్నదే ముఖ్యం.

మా జిల్లాల్లో వానాకాలం వచ్చిందంటే రాత్రుళ్లు పాముకాటు కేసులు వచ్చేవి. ప్రోటీన్లు ఎన్ని పనులు చేస్తాయో నాకు అన్నిటికంటే బాగా నేర్పింది అవే. రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ కరిగి తిరుగుతూ ఉంటుంది. దెబ్బ తగిలితే ఒక ప్రోటీన్ ఇంకొకదాన్ని లేపుతూ, అది మరొకదాన్ని లేపుతూ చివరికి ఫైబ్రినోజెన్ దారాలుగా అల్లుకుని గడ్డ కడుతుంది. రక్తపింజర విషంలో ఉన్నవి కూడా ప్రోటీన్లే. అవి ఆ వరుసను మధ్యలో పట్టుకుని ఒళ్లంతా ఒక్కసారిగా లేపేస్తాయి. కాసేపటికే గడ్డకట్టే సరుకంతా ఖర్చయిపోతుంది, ఆ తర్వాత చిగుళ్ల నుంచి, సూది గుచ్చిన చోటు నుంచి రక్తం కారుతూనే ఉంటుంది. మేం చేసే పరీక్ష చాలా సులువైనది. శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిందంటే విషం ఎక్కినట్టు. విరుగుడు ఇంజెక్షన్ కూడా ప్రోటీనే. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి ఒంట్లో తయారైన యాంటీబాడీలను శుద్ధి చేసి తీస్తారు. మన దేశంలో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర అనే నాలుగు పాముల విషాల మీద పనిచేస్తుంది. ప్రోటీన్ చేసిన హానిని ఇంకో ప్రోటీన్ అంటుకుని ఆపడం, ఆరు గంటల తర్వాత అదే గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టడం కళ్లారా చూసిన రాత్రులు నాకు ఇంకా గుర్తున్నాయి. పాము కరిస్తే మంత్రగాడి దగ్గర పోయే గంటసేపు ఎంత విలువైందో ఆ గొట్టం చూస్తే తెలుస్తుంది.

ఎంజైములు కూడా ప్రోటీన్లే. ఒంట్లో జరిగే రసాయన మార్పుల వేగం వాటిదే. అన్నం ముద్ద మింగకుండా కాసేపు నములుతూ ఉంటే తియ్యగా అవుతుంది, లాలాజలంలోని అమైలేజ్ పిండిని చక్కెరగా విడగొడుతోందన్నమాట. ఎర్ర రక్తకణాల్లో కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము ఉంది, ఒక్క అణువు సెకనుకు దాదాపు 10 లక్షల కార్బన్ డయాక్సైడ్ అణువుల మీద పని చేయగలదు. రిపోర్టులో మీరు చూసే ఎస్‌జీపీటీ ఒక ఎంజైమే. దాని ఇల్లు లివర్ కణం లోపల. రక్తంలో ఎక్కువ కనబడిందంటే కణాలు చిట్లుతున్నాయని అర్థం. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు చూసే ట్రోపోనిన్ ఎంజైము కాదు, గుండె కండరంలోని ప్రోటీన్, కానీ అక్కడా ఇదే సూత్రం. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో ఎస్‌జీపీటీ, రక్తంలో ట్రోపోనిన్, ఈ మూడింటిలోనూ మేం వెతికేది ఒకటే: ఉండాల్సిన చోటు దాటి బయటికి వచ్చిన ప్రోటీన్‌ను.

హిమోగ్లోబిన్ గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు. నాలుగు దండలు కలిసిన ప్రోటీన్ అది, ఒక్కో దండలో ఒక ఇనుప పరమాణువు, దానికి ప్రాణవాయువు అంటుకుంటుంది. పుట్టబోయే బిడ్డలో ఉండే హిమోగ్లోబిన్ కొంచెం వేరు. అది తల్లి హిమోగ్లోబిన్ కంటే గట్టిగా ప్రాణవాయువును పట్టుకుంటుంది, అందుకే మాయ దగ్గర తల్లి రక్తం నుంచి లాక్కోగలదు. పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో బీటా దండకు 146 పూసలు. అందులో 6వ చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. దాని బదులు వాలీన్ వస్తే అదే సికిల్ సెల్ జబ్బు. ప్రాణవాయువు వదిలినప్పుడు ఆ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని కడ్డీల్లా పేరుకుంటాయి, కణం కొడవలిలా వంగి సన్న నాళాల్లో ఇరుక్కుంటుంది, ఎముకల్లో భరించలేని నొప్పి వస్తుంది. ఇది హిమోగ్లోబిన్ అణువులోని తేడా అని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపింది, తేడా ఏ పూసలో ఉందో తర్వాత కొన్నేళ్లకు వెర్నన్ ఇంగ్రమ్ కనిపెట్టాడు. పాడేరు, ఆదిలాబాద్ వైపు గిరిజన గ్రామాల్లో ఈ జబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. జబ్బు లేకపోయినా ఆ జన్యువును మోసే ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందు ఒక్క రక్తపరీక్షతో తెలుసుకోగలిగే విషయం అది. ఈ జబ్బుకు టానిక్కులు ఎన్ని తాగినా లాభం లేదు, లోపం తిండిలో లేదు కనుక.

ఇనుము తక్కువై వచ్చే మామూలు రక్తహీనత వేరు. ఇనుమును రక్తంలో మోసేది ట్రాన్స్‌ఫెరిన్, దాచేది ఫెరిటిన్. గుండ్రటి డబ్బాలాంటి ఒక్క ఫెరిటిన్ అణువులో 4,500 దాకా ఇనుప పరమాణువులు పడతాయి. డబ్బా ఖాళీ అవుతోందో లేదో హిమోగ్లోబిన్ పడిపోకముందే ఫెరిటిన్ పరీక్షలో తెలుస్తుంది.

ఇన్సులిన్ కూడా ప్రోటీన్ జాతిదే, చాలా చిన్నది, 51 పూసలు. ఒకటి 21, ఇంకొకటి 30, రెండు దండలు. కణాల తలుపు తట్టి చక్కెరను లోపలికి రానివ్వమని చెప్పే హార్మోన్. తట్టించుకునే తలుపు కూడా ప్రోటీనే, దాన్ని రిసెప్టర్ అంటారు. మీ నాన్నగారికి ఇన్సులిన్ ఉందన్నారు కదా. మాత్రగా మింగితే సరిపోయేదానికి రోజూ సూది ఎందుకని ఆయన ఎప్పుడైనా అడిగారా? మింగితే కడుపులోని పెప్సిన్, పేగులోని ట్రిప్సిన్ దాన్ని పప్పులో ప్రోటీన్‌ను ముక్కలు చేసినట్టే ముక్కలు చేసేస్తాయి. వాటికి ఇన్సులిన్‌కూ కందిపప్పుకూ తేడా తెలియదు. 1982లో మనిషి ఇన్సులిన్‌ను బాక్టీరియాలో తయారుచేసి అమ్మడం మొదలయ్యేదాకా పంది, ఆవు క్లోమాల నుంచి తీసేవారు. పందిది మన ఇన్సులిన్‌తో ఒక్క పూసలో తేడా, ఆవుది మూడింటిలో.

ఈ ఇన్సులిన్ సంగతి గట్టిగా పట్టుకోండి, అత్తగారి కొల్లాజెన్ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

కొల్లాజెన్ మన ఒంట్లో అన్నిటికంటే ఎక్కువున్న ప్రోటీన్, మొత్తంలో పావు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. చర్మం, ఎముక, కండను ఎముకకు కట్టే నరంలాంటి తాడు, కీలులోని మెత్తటి మృదులాస్థి, అన్నిటికీ పీచు అదే. మూడు దండలు తాడు పేనినట్టు పెనవేసుకుని ఉంటాయి. ఆ పేనిన తీరును ప్రపంచానికి చెప్పింది మన పక్కనే, మద్రాసు విశ్వవిద్యాలయంలో. జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ఆ నిర్మాణాన్ని ప్రచురించారు, మరుసటి ఏడాది సరిదిద్ది మరింత బిగువుగా చూపించారు. ప్రతి మూడో పూస గ్లైసీన్ అయి తీరాలి. మూడు దండలు కలిసే నడిమధ్యలో చోటు చాలా ఇరుకు, అన్నిటికంటే చిన్నదైన గ్లైసీన్ తప్ప ఇంకేదీ పట్టదు. అంత పెద్ద అణువు గుట్టును ఎక్స్‌రే మచ్చలు చూసి, కడ్డీలూ బంతులతో నమూనాలు కట్టి పట్టుకున్నారు. ఆ రోజుల మద్రాసులో, ఆ పరికరాలతో. దానికి నోబెల్ రాకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ తాడు బిగియాలంటే విటమిన్ సి కావాలి. అది లేకపోతే దండలు సరిగా పెనవేసుకోవు, చిగుళ్లు కారతాయి, పాత గాయాలు కూడా విడిపోతాయి. ఓడల్లో నెలల తరబడి పళ్లూ కూరలూ లేకుండా తిరిగిన నావికులను చంపిన స్కర్వీ అదే. మేక కాళ్ల పులుసు, హైదరాబాదు పాయా చల్లారితే పెదాలకు జిగురుగా అంటుకుంటాయి చూడండి, ఉడికి విప్పుకున్న కొల్లాజెన్, అంటే జెలటిన్ అది.

అత్తగారి పొడి కూడా పశువులదో చేపలదో కొల్లాజెన్‌ను చిన్న ముక్కలు చేసిందే. తాగాక పేగులో అమైనో ఆమ్లాలుగా, కొంత రెండు మూడు పూసల ముక్కలుగా విడిపోయి రక్తంలోకి వెళ్తుంది. అక్కడి నుంచి మోకాలికే వెళ్లాలని వాటికి ఎవరూ చెప్పరు. ఏ కణానికి ఏది అవసరమైతే అది తీసుకుంటుంది. తాగితే నొప్పి కాస్త తగ్గిందని చెప్పిన చిన్న చిన్న పరిశీలనలు ఉన్నాయి. కానీ అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగుతుందని నమ్మి నెలకు వేలు పోయడం నాకు సమ్మతం కాదు. పైగా కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే తప్పనిసరి అమైనో ఆమ్లం అసలు లేదు. తిండిలో ప్రోటీన్ లెక్కకు చూసుకుంటే అది గుడ్డుకు సాటిరాదు. అత్తగారి చేత తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు చేయించండి, రోజూ ఒక జామకాయో ఉసిరికాయో ఇవ్వండి.

తమ్ముడి విషయం సులువు. పాలు విరిచి పన్నీరు తీస్తే మిగిలే తేట ఉంటుందే, వే అంటే అందులోని ప్రోటీన్. ఆవుపాల ప్రోటీన్‌లో ఐదో వంతు అది, మిగిలింది కేసీన్. మంచి ప్రోటీనే, త్వరగా అరుగుతుంది. మందు కాదు, విషమూ కాదు. కండలో పని చేసేవి ఏక్టిన్, మయోసిన్ అనే రెండు ప్రోటీన్లు, ఒకదాని మీద ఇంకొకటి జారుతూ కండను పొట్టి చేస్తాయి. బరువులెత్తితేనే ఆ దారాలు ఎక్కువవుతాయి, పొడి తాగినందుకు కాదు. ఆ జారడానికి కావలసిన శక్తి ఏటీపీ నుంచి, దాని వెనక నిల్వగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్ నుంచి వస్తుంది. ఈ రెండింటి చరిత్రలోనూ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఉంది. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1920ల చివర్లో వాటిని కండరం నుంచి వేరు చేసి చూపారు. తమ్ముడు వే తోపాటు క్రియాటిన్ పొడి కూడా వాడుతుంటే, అది ప్రోటీన్ కాదని చెప్పండి. దాని వల్ల రక్తంలో క్రియాటినిన్ కాస్త పెరిగి కనబడవచ్చు. పరీక్షకు వెళ్లినప్పుడు ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే కిడ్నీ చెడిందని ఇంటిల్లిపాదీ భయపడతారు.

ఇక తిండి. కందిగింజలో ఉన్న ప్రోటీన్ కంది మొలక కోసం దాచుకున్నది, పాలలోది దూడ కోసం, గుడ్డులోది కోడిపిల్ల కోసం. ఇవి నిల్వ ప్రోటీన్లు. మనం ఆ దండలను తెంపి, పూసలు తీసుకుని, మన దండలు గుచ్చుకుంటాం. 20 రకాల్లో 9 మన ఒళ్లు చేసుకోలేదు, తిండిలో రావాలి. బియ్యంలో లైసీన్ తక్కువ, పప్పుల్లో మిథియోనిన్ తక్కువ. ఒకదాని వెలితి ఇంకొకటి తీరుస్తుంది. ఇడ్లీ పిండిలో, పులగంలో, పప్పన్నంలో జరిగేది అదే. కాకపోతే మన కంచంలో అన్నం కొండలా, పప్పు చుక్కలా ఉంటుంది. నీళ్ల పప్పుచారు పప్పు లెక్కలోకి రాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. రోజు మొత్తానికి 200 గ్రాముల బియ్యంలో 15, అరవై గ్రాముల లోపు పప్పులో 11 నుంచి 13, పాలు పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లలో 13 దాకా, ఒక గుడ్డులో 6, పిడికెడు వేరుశనగల్లో 6. సరిపోయింది. వయసు మీద పడ్డవాళ్లకు కిలోకు 1 గ్రాము పైన ఉంటే మంచిదనే నిపుణులు చాలామంది. బరువులెత్తే తమ్ముడికి 1.6 గ్రాములు దాటితే అదనంగా పెరిగే కండ ఏమీ లేదు.

మన ఇళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టేది పథ్యం. ఆపరేషన్ అయినవాళ్లకు పప్పు పెడితే చీము పడుతుందంటారు. కామెర్లు వస్తే పప్పు, గుడ్డు, పాలు ఆపేసి చారన్నం పెడతారు. కుట్లు మానడానికి కొల్లాజెన్ కావాలి, చీము పట్టించే క్రిములతో పోరాడటానికి యాంటీబాడీలు కావాలి, ఆ రెండూ ప్రోటీన్లే. లివర్ గట్టిపడిన రోగులకు కూడా ప్రోటీన్ ఆపమని ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు తినమంటున్నారు, రాత్రి పడుకోబోయే ముందు ఏదైనా కొంచెం పెట్టమంటున్నారు, ఖాళీ కడుపుతో ఎక్కువసేపు ఉంటే సొంత కండ కరుగుతుంది కనుక. నాన్నగారి జబ్బు లివర్‌దే అని తేలితే ఈ మాట గుర్తుంచుకోండి. కిడ్నీది అని తేలితే డాక్టరు చెప్పిన కొలతకే కట్టుబడండి. రెండింటికీ దారులు వేరు, అందుకే పరీక్ష ముందు అని ఇన్నిసార్లు అన్నాను.

పరీక్షకు ఉదయం లేవగానే వచ్చే మూత్రం పట్టించండి, ఆ ముందు రోజు నాన్నగారికి జ్వరం లేకుండా చూసుకోండి. జ్వరంలో మూత్రంలో కాస్త ప్రోటీన్ కనబడటం మామూలే. సోంపేట నుంచి పలాస దూరమేమీ కాదు, అక్కడ ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి ఉంది. పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టి తీసుకెళ్లండి. ఆల్బుమిన్ ఎప్పటి నుంచి దిగుతూ వచ్చిందో ఆ వరుసలో డాక్టరుకు ఒక్క చూపులో తెలుస్తుంది.